పదో మాట

1973 ఫిబ్రవరి పన్నెండు, సోమవారం, ఉదయం ఏడున్నర. రొమానియా ఉత్తరాన దారాబాన్‌లో మిగిలిన ఒకే ఒక్క యూదుల ప్రార్థనాలయంలో ఎనిమిది మంది ముసలివాళ్ళూ, హాస్కల్ సోయ్‌ఫర్ అనే పిల్లవాడూ ఉన్నారు. నుహిమ్ ఇంకా రాలేదు.

మేడ మీద ఆడవాళ్ళ వసారాలో చెక్క జాలీ వెనక హాస్కల్ తల్లి తోబా కూర్చుని ఉంది. ఒళ్ళో తేనె రొట్టె మూట, కాళ్ళ దగ్గర సారా సీసా. కింద పొయ్యిలో మొక్కజొన్న కండెలు కాలుతున్నాయి, ఆ వేడి మేడ దాకా రాదు, వచ్చినా ఆమెకు తేడా తెలియదు, నవంబరు నుంచీ అంతే, పాలు పొంగి పొయ్యిలో పడుతుంటే చూస్తూ నిలబడుతుంది, పాలు పొంగుతున్నాయి అనుకుంటుంది, చెయ్యి మాత్రం లేవదు. ఇప్పుడూ అలాగే చూస్తోంది. కొడుకు ఎడమ చేతికి ప్రార్థనప్పుడు కట్టుకునే తండ్రి తోలు పట్టీలు చుట్టి ఉన్నాయి, నుదుటి మీద తండ్రి తోలు పెట్టె. భర్త బెరిల్ తలకు సరిపోయిన ముడి కొడుకు తలకు వదులైంది, నిన్న సాయంత్రం, ప్రార్థన నడిపించే ఫైవిష్ వచ్చి దాన్ని విప్పి మళ్ళీ కట్టాడు, విప్పడానికి చాలాసేపు పట్టింది, ముప్పై ఏళ్ళ చెమట పట్టిన ముడి, చివరికి పళ్ళతో లాగాడు. ముడి విడిపోతుంటే ఏడుపు వస్తుందేమోనని ఆమె ఎదురుచూసింది. రాలేదు. దీపం వత్తి కొంచెం తగ్గించింది, అంతే. పిల్లవాడి కోటు జేబులోంచి కమ్యూనిస్టు బడి పిల్లలు కట్టుకునే ఎర్ర రుమాలు అంచు బయటికి కనిపిస్తోంది, ఇక్కడ అయిపోగానే అది మెడకు కట్టుకుని బడికి పోవాలి, పన్ను నొప్పి, డాక్టర్ దగ్గరికి వెళ్ళొస్తాను అని మాస్టారికి చెప్పాడు. అలా చెప్పమన్నది తనే.

నుహిమ్ వస్తే తొమ్మిది మంది. హాస్కల్‌తో పది. పదమూడు నిండిన మగవాళ్ళు పది మంది ఉంటే కడిష్ చెప్పొచ్చు, తండ్రి పోయినవాడు లేచి నిలబడి తండ్రి కోసం చెప్పే ప్రార్థన అది, పది మంది లేకపోతే నోట్లోనే ఉంచుకోవాలి. నవంబరు దాకా ఊళ్ళో పదో మనిషి బెరిల్. పాతిపెట్టిన రోజు దొరొహోయ్ నుంచి ఇద్దరు బండి కట్టించుకుని వచ్చారు, ఆ రోజు గోతి పక్కన హాస్కల్ ఒక్కసారి చెప్పాడు, తర్వాత వాళ్ళు వెళ్ళిపోయారు, ఆ తర్వాత చెప్పడం కుదరలేదు. తన కడిష్‌కి తనే తక్కువయ్యాడు బెరిల్. తొమ్మిదేళ్ళ కింద అర్జీ పెట్టుకున్న నుహిమ్‌కి జనవరిలో పాస్‌పోర్టు వచ్చింది, తొమ్మిదింటి బస్సుకి దొరొహోయ్, అక్కణ్ణించి రైలు, రేపు బుకారెస్టులో విమానం, అక్కడ ఇజ్రాయెల్‌లో, హైఫాలో కూతురు. ఆ బస్సు కదిలాక ఈ ఊళ్ళో పది అనే లెక్క ఉండదు. ఈ ఒక్క గంటే. అది ఆమెకు తెలుసు, బజార్లో ఉల్లిపాయల ధర తెలిసినట్టు తెలుసు.

మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టకూడదు. వేలు చూపించి లెక్కపెడితే చావు దేవత కూడా వెనక నిలబడి లెక్కపెట్టుకుంటుందని తోబా అమ్మమ్మ అనేది. అందుకని సరిగ్గా పది మాటలున్న ఒక వాక్యం ఉంది, మనిషికో మాట చొప్పున చెప్పుకుంటూ పోతారు, వాక్యం పూర్తయితే పది మంది ఉన్నట్టు. పదో మాటకి అర్థం ఎల్లకాలం. బెరిల్ ఎప్పుడూ ఆఖర్న వచ్చేవాడు, భుజాన అద్దాల చట్రంతో, పొద్దున్నే ఏదో కిటికీ చూసుకుని, చేతులకి లప్పం వాసనతో, అందుకని ఆ మాట ఎప్పుడూ అతని మీదే పడేది. "వచ్చాడయ్యా ఎల్లకాలం! మమ్మల్ని ఎల్లకాలం కూర్చోబెడతాడు" అని ఫైవిష్ తిట్టేవాడు. నవంబరు నుంచి ఫైవిష్ రోజూ వాక్యం మొదలుపెట్టి తొమ్మిదో మాట దగ్గర ఆపి, గోడ కేసి తిరిగి, ఎవరి ప్రార్థన వాళ్ళు చేసుకోండి అంటున్నాడు.

బెరిల్ పోయింది సాంస్కృతిక భవనం మెట్ల దగ్గర. పెద్ద అద్దం, ఇద్దరు పట్టుకోవలసింది, ఒక్కడే ఎత్తుకున్నాడు. దాన్ని గోడకి ఆనించాడు, అడుగున గోనె గుడ్డ సర్దాడు, పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. చూసినవాళ్ళు చుట్ట తాగడానికి కూర్చున్నాడనుకున్నారు. అద్దం పగల్లేదు. మర్నాడు సహకార సంఘం వాళ్ళు వేరే మనిషి చేత దాన్నే బిగించారు. బజారుకి పోయినప్పుడల్లా తోబా దాని ముందు నుంచే నడుస్తుంది, అందులో తన కోటు కనిపిస్తుంది, సంచీ కనిపిస్తుంది.

"ఏమే తోబా, రొట్టెలో గుడ్లెన్నేశావ్?"

పక్కన పెసియా ఉంది. మేడ మీద వాళ్ళిద్దరే. పెసియా ఊళ్ళో యూదులకీ, రొమానియన్లకీ కూడా మంత్రసాని, ఇప్పుడు పురుళ్ళన్నీ ఆస్పత్రిలో పోస్తున్నారు కాబట్టి ఖాళీ.

"నాలుగవ్వా."

"నాలుగే! ఎక్కడ దొరికాయే తల్లీ? రెండు గుడ్ల కోసం తెల్లారగట్ల నుంచి కొట్టు ముందు నిలబడ్డా. పైగా ఆ కొట్టువాడు, ముసల్దానివి నీకు గుడ్లెందుకే అంటాడా!"

"నువ్వేమన్నావ్?"

"పొదుగుదామని అన్నా."

తోబా నవ్వాలని గుర్తు తెచ్చుకుని నవ్వింది. కింద ఫైవిష్ తలుపు తీసి వీధిలోకి చూసి, మళ్ళీ మూసి, కాళ్ళ మంచు దులుపుకున్నాడు. "వస్తాడు. పెట్టె కట్టుకుంటూ ఉంటాడు. తొమ్మిదేళ్ళ నుంచీ కడుతున్నాడు, ఇంకా కట్టడం రాలేదు" అన్నాడు ఎవరో. హాస్కల్ తల తిప్పలేదు, పెదవులు కదులుతున్నాయి, ధర్మగ్రంథం తోరా ముందు చెప్పవలసింది వల్లె వేసుకుంటున్నాడు, తల వంచినప్పుడు మెడ మీద ఎముక బెరిల్‌కి లేచినట్టే లేస్తోంది. ఈ రోజు కోసం బెరిల్ తయారుగా ఉండేవాడు. కొడుక్కి పదమూడు నిండి తోరా దగ్గరికి పిలిచినప్పుడు తండ్రి పైకి చెప్పవలసిన వాక్యం ఒకటుంది, వీడి భారం నా మీది నుంచి దించినవాడికి స్తోత్రం అని. అంతవరకు పిల్లవాడు చేసిన తప్పులు తండ్రి నెత్తిన, అక్కణ్ణించి ఎవరి నెత్తినవి వాళ్ళవి. హాస్కల్ ఏడేళ్ళప్పుడు రాయి విసిరి మందుల షాపు అద్దం పగలగొట్టాడు. బెరిల్ తన అద్దం మోసుకెళ్ళి బిగించి వచ్చి, పిల్లవాణ్ణి ముందు నిలబెట్టుకుని, "కొట్టరా అబ్బాయ్, కొట్టు. ఇంకా ఆరేళ్ళు నా నెత్తినే. ఆ తర్వాత రాయీ నీదే, అద్దమూ నీదే" అన్నాడు. పిల్లవాడు ఏడ్చాడు. బెరిల్ నవ్వాడు. రాత్రి పడుకుని మాత్రం, "ఆ మాట చెప్పేసిన రోజు హాయిగా నిద్రపోతానే తోబా" అన్నాడు. నిజంగా అనుకున్నాడో, వేళాకోళమో, ఆమె అడగలేదు. ఈ రోజు ఆ మాట ఎవరు చెబుతారన్నది కూడా అడగలేదు, ఫైవిష్ చెబుతాడు కాబోలు అనుకుంది.

"వీడు పుట్టిన రోజు నాకు బాగా గుర్తే" అంది పెసియా. "పూరిం పండక్కి పిండి కలుపుతున్నా. నీ మొగుడొచ్చి తలుపు బాదాడు. బాదడమా అది! అద్దాలు బిగించేవాడు మా తలుపు అద్దం పగలగొట్టాడు. చేతులు కడుక్కునే టైమేదీ? గసగసాలు అంటుకుని ఉండగానే పరిగెత్తుకొచ్చా. నీ కొడుకు నెత్తి నిండా గసగసాలు. పుట్టుమచ్చలనుకుని నువ్వు ఒకటే ఏడుపు."

"అవునవ్వా."

"పండక్కి ఇంకా నాలుగు రోజులుంది అప్పటికి."

"ఐదు."

"ఐదు. ఎక్కడే, ఈసారి గసగసాలే రాలేదు కొట్టుకి. వచ్చే నెల తెప్పిస్తానంటున్నాడు. తెప్పించనీలే, పూరిం కూడా వచ్చే నెలేగా…"

పెసియా నోరు మూసుకుంది. తోబా జాలీ కన్నంలోంచి కిందికి చూస్తూనే ఉంది. పూరిం వచ్చే నెల. పండగకి ఐదు రోజుల ముందు పుట్టినవాడికి పండగ ఇంకా నెల పైన ఉండగా పదమూడెలా నిండుతాయి? లెక్క దానంతటదే వచ్చింది, ఆమె చెయ్యలేదు. చంద్రుడి నెలలు సూర్యుడికి వెనకబడిపోతాయి, అందుకని రెండుమూడేళ్ళకోసారి ఒక నెల ఎక్కువ వేస్తారు, అధిక మాసం, అది అదార్ నెలకే వస్తుంది, ఈ ఏడు అదార్లు రెండు. మొదటిది అధికం. పండగ రెండోదాంట్లో, నిజం అదార్లో. పుట్టినరోజూ అందులోనే. మామూలు ఏడు అదార్ తొమ్మిదిన పుట్టిన పిల్లవాడికి అధిక అదార్ తొమ్మిదిన ఏమీ నిండవు. నిన్నటి రోజు ఉత్త ఆదివారం. కింద నిలబడ్డవాడికి ఇంకా పన్నెండే.

నుహిమ్ పాస్‌పోర్టు వచ్చిన వారం ఫైవిష్ ఇంటికొచ్చాడు. మంచు దులుపుకోకుండా గడప మీదే నిలబడి, "అదార్ తొమ్మిది ఆదివారం వస్తోంది. మర్నాడు సోమవారం, తోరా చదివే రోజు. పిల్లాణ్ణి పిలుద్దాం, తండ్రికి కడిష్ చెప్పుకుంటాడు" అన్నాడు. ఏ అదార్ అన్నది అతను చెప్పలేదు. చెబుతున్నప్పుడు ఆమె కేసి చూడలేదు, వంటింటి కిటికీ అద్దం కేసి చూశాడు. ఆమె సరేనంది. ఆ రోజుల్లో అందరికీ సరేననే అనేది, అద్దాల చట్రం కొంటానన్నవాడికీ సరేనంది, తర్వాత ఇవ్వలేదు.

"నాకు చెవులు సరిగ్గా వినపడవే తోబా" అంది పెసియా కాసేపటికి. "కళ్ళూ అంతంతే. నెలలైతే అసలు లెక్క తెలియవు. మంత్రసానికి నెలలు తెలియకపోవడమేమిటి అంటావేమో, నాకు తొమ్మిది వరకే వచ్చు."

తోబా కింద తలుపు కేసి చూసింది. నుహిమ్ రాకపోతే బాగుండును అనుకుంది. రాకపోతే ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు, ఫైవిష్ తొమ్మిదో మాట దాకా కూడా పోడు, పిల్లవాడు రుమాలు కట్టుకుని బడికి పోతాడు, తేనె రొట్టె మిగిలిపోతుంది, బుధవారం దాకా తినొచ్చు. తలుపు తెరుచుకుంది. మంచుతో పాటు నుహిమ్ లోపలికి వచ్చాడు, చేతిలో పెట్టె, దానికి తాడు, తాడుకి మళ్ళీ ఇంకో తాడు.

"రావయ్యా రా, మహారాజా! హైఫా చూసి వచ్చావా అప్పుడే?"

"గొణక్కండి. తోడు ఇద్దర్ని తీసుకుపొమ్మంటే తీసుకుపోతా, పెట్టెలో చోటుంది."

"నన్ను తీసుకుపోకు, నా భార్యని తీసుకుపో."

"కస్టమ్స్ వాళ్ళు ఆపేస్తారయ్యా."

ముసలివాళ్ళు నవ్వారు. హాస్కల్ కూడా నవ్వాడు, పెద్దవాళ్ళు నవ్వాక ఒక్క క్షణం ఆగి, ఇప్పుడు తనూ నవ్వొచ్చు అన్నట్టు. నుహిమ్ వాడి దగ్గరికొచ్చి చెయ్యి చాచాడు, వాడు ఆ చెయ్యి పట్టుకుని ఊపాడు, మగవాళ్ళు ఊపుకున్నట్టు. తోబా చూసింది. ఒక్క మాట చాలు. జాలీలోంచి కిందికి మాట బాగా వినిపిస్తుంది, పెళ్ళికాని రోజుల్లో ఇక్కణ్ణించే దగ్గేది, కింద బెరిల్ తలెత్తేవాడు. ఇది అధిక మాసమండీ అంటే చాలు, తొమ్మిది మందీ పుస్తకాలు మూస్తారు, నుహిమ్ బస్సెక్కుతాడు, అబద్ధం ఉండదు. కడిష్ కూడా ఉండదు. పది మంది లేకుండా పది మంది ఉన్నట్టు ఆ మాటలు చెప్పడం దేవుడి పేరు ఊరికే వాడుకోవడం, అది చిన్న తప్పు కాదు, పన్ను నొప్పి లాంటిది కాదు. ఎవరి నెత్తిన పడుతుంది? వాడికి పదమూడు నిండి ఉంటే వాడి నెత్తిన. నిండలేదు. ఇంకా నెల రోజులు వాడు ఏం చేసినా బెరిల్‌ది, బెరిల్ లేడు కాబట్టి తనది. నెల తర్వాతైతే తను మొయ్యడానికి ఉండదు. ఇవాళైతే ఉంది. ఆమె ఇది కూడా పాలు పొంగుతున్నాయి అనుకున్నట్టే అనుకుంది. చెయ్యి లేవలేదు. లేపకూడదని ఈసారి ఆమే అనుకుంది.

ఫైవిష్ లెక్క మొదలుపెట్టాడు. ఒక్కొక్కరి కేసి తల ఊపుతూ ఒక్కో మాట. పొయ్యి దగ్గరివాళ్ళు ముగ్గురు, కిటికీ దగ్గర ఇద్దరు, బల్ల దగ్గర ఇద్దరు, తను, పెట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డ నుహిమ్. తొమ్మిదో మాట అయింది. ఫైవిష్ ఆగాడు. బల్ల మీదున్న తోరా పుస్తకం, చేత్తో రాసిన తోలు చుట్ట కాదు, అట్ట వేసిన అచ్చు పుస్తకం, తీసి హాస్కల్ చేతుల్లో పెట్టాడు.

"ఇదెందుకు తాతా? నాకు అంతా కంఠతా వచ్చు."

"పట్టుకో."

"బల్ల మీద పెట్టుకోనా?"

"పెట్టకు. నేను చెప్పేదాకా చేతుల్లోనే ఉండాలి. బరువా?"

"కాదు."

"మరేం."

అప్పుడు ఫైవిష్ పదో మాట చెప్పాడు. తక్కిన ఎనిమిది మందిలో ఎవరూ తలెత్తలేదు, ఒకాయన తన బూటు చూసుకుంటున్నాడు, ఇంకొకాయన కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టి తుడుస్తూనే ఉన్నాడు. వాళ్ళకి తెలుసు. పెద్దవాడికి ఎవరూ పుస్తకం ఇచ్చి లెక్కపెట్టరు. తొమ్మిది మంది మగవాళ్ళుండి, పదోవాడు ఎక్కడా దొరక్కపోతే, చిన్నపిల్లవాడి చేతుల్లో తోరా పుస్తకం పెట్టి వాణ్ణి పదోవాడిగా చూసుకోవచ్చని కొందరు పాత గురువులన్నారు, కూడదని కొందరన్నారు, మరీ గత్యంతరం లేని చోట చేస్తారు. తోబా దాన్ని ఒక్కసారే చూసింది. యుద్ధం రోజుల్లో, నలభై రెండులో, నీస్టర్ నది అవతల, ఈ ఊళ్ళో యూదులందర్నీ తోలుకుపోయి పడేసిన చోట, పశువుల కొట్టంలో. వాళ్ళ నాన్న పోయిన మర్నాడు తొమ్మిది మంది నిలబడ్డారు, ఆమె తమ్ముడు ష్లోయ్‌మేకి ఆరేళ్ళు, వాడి చేతుల్లో పుస్తకం పెట్టారు, పుస్తకమంటే వెనక సగం లేదు, పొయ్యిలోకి పోయింది. ష్లోయ్‌మే దాన్ని గడ్డానికి ఆనించి పట్టుకున్నాడు. నిలబడలేకపోతుంటే వెనక నుంచి ఒకాయన చొక్కా పట్టుకుని నిలబెట్టాడు. వాడికి ఏడేళ్ళు ఎప్పుడూ నిండలేదు. ఆ కొట్టంలో నేల మీద పరిచిన గడ్డి రంగు కూడా ఆమెకు గుర్తుంది, తమ్ముడి మొహం గుర్తులేదు, కింద పుస్తకం పట్టుకున్న చేతులు చూస్తుంటే మొహం వస్తుందేమోనని చూసింది, రాలేదు, హాస్కల్ చేతులే కనిపించాయి, గోళ్ళ కింద సిరా.

ఫైవిష్ తొందర తొందరగా చదివించాడు. తోరా చుట్ట తెరిచారు, పిల్లవాణ్ణి పిలిచారు, హాస్కల్ బెన్ బెరిల్ అని తండ్రి పేరుతో కలిపి. వాడు పుస్తకం చంకలో ఇరికించుకుని వెళ్ళి చెప్పవలసింది చెప్పాడు, గొంతు ఇంకా మారలేదు, ఒక్క చోట ఆగాడు, ముగ్గురు ఒకేసారి అందించబోతే ఫైవిష్ చేత్తో ఆపాడు, వాడే గుర్తు తెచ్చుకున్నాడు. వాడు అయిపోయి తిరిగాడు. ఇక్కడే తండ్రి ఆ వాక్యం చెప్పాలి. ఫైవిష్ నోరు తెరిచి, మేడ మీద జాలీ కేసి చూశాడు. అంత దూరం నుంచి అతనికి ఆమె కనిపించదు. ఆమెకు అతను కనిపిస్తాడు. ఫైవిష్ నోరు మూసి, చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు.

"చెప్పలేదేమే?" అంది పెసియా.

"ఇంకా టైముందవ్వా."

చివర్లో హాస్కల్ కడిష్ చెప్పాడు. పుస్తకం రెండు చేతుల్తో గుండెకి ఆనించుకుని, కాళ్ళు దగ్గరగా పెట్టి. ఆ ప్రార్థనలో చావు అన్న మాట ఉండదు, తండ్రి అన్న మాట ఉండదు, అంతా స్తోత్రమే. గోతి పక్కన చెప్పినప్పుడు ఫైవిష్ ముక్క ముక్క అందించాడు, ఇప్పుడు ఎవరూ అందించలేదు. చోటు వచ్చినప్పుడల్లా తొమ్మిది గొంతులు ఆమెన్ అన్నాయి, నుహిమ్ గొంతు తలుపు దగ్గర్నించి వచ్చింది, పెట్టె అప్పటికే చేతిలో ఉంది. ఆఖరి ఆమెన్ అయ్యాక, "ఇప్పుడు పెట్టు" అన్నాడు ఫైవిష్. హాస్కల్ పుస్తకం బల్ల మీద పెట్టి చేతులు దులిపాడు. నుహిమ్ వాడి నెత్తిన ఒకసారి చెయ్యి పెట్టి బయటికి వెళ్ళాడు. తేనె రొట్టె ముక్క కాగితంలో చుట్టి ఇద్దామని తోబా మెట్లు దిగేసరికి అతను వీధి మలుపు దాటాడు. తొమ్మిదింటి బస్సు తొమ్మిదీ పదికి కదిలింది.

మార్చి పదమూడు, మంగళవారం, నిజం అదార్ తొమ్మిది. ప్రార్థనాలయంలో ఎనిమిది మందీ, హాస్కలూ ఉన్నారు. ఫైవిష్ వాక్యం మొదలుపెట్టి తొమ్మిదో మాట హాస్కల్ దగ్గర చెప్పి ఆపాడు. పిల్లవాడి చేతిలో పుస్తకం లేదు. వాడు తోలు పట్టీలు విప్పి ఇంటికొచ్చి, రుమాలు కట్టుకుని బడికి పోయాడు. తోబా పూరిం పిండి కలుపుతోంది. వాడు వీధిలోకి వెళ్ళాక చేతులు పిండిలోంచి తియ్యకుండా, బెరిల్ చెప్పవలసిన వాక్యం మొదటి నుంచి చివరి దాకా పైకి చెప్పింది. బల్ల అవతల పెసియా గసగసాలు నూరుతోంది. ఆమెన్ అంది.